దగ్గు వచ్చే ముందు

అమ్మాయిలూ, ముందే చెప్పేస్తున్నాను, ఇది ఉచ్చ గురించిన కథ. మూత్రం అని రాస్తే మర్యాదగా ఉంటుందని మా ఇంట్లోవాళ్ళు పోరుపెట్టారు. మర్యాదకేం భాగ్యం, నేనూ రాయగలను. కానీ ఉద్యోగమంతా ఆ మర్యాద మాట పట్టుకుని తిరిగి ఉంటే ఒక్క ఆడమనిషి నాకు జవాబు చెప్పేది కాదు. "మూత్రవిసర్జనలో ఇబ్బంది ఏమైనా ఉందా అమ్మా?" అని అడగండి. "అబ్బే, అట్లాంటివి మా ఇంటా వంటా లేవు తల్లీ" అని కొంగు సర్దుకుని లేచిపోతుంది. "దగ్గితే ఉచ్చ పడతాందా అక్కా?" అని అడిగి చూడండి. ముందు ముసిముసిగా నవ్వుతుంది. తరవాత అటూ ఇటూ చూసి మీ పక్కన కూర్చుంటుంది.

మీ చదువులో ఇప్పుడు గర్భిణీలకు నేర్పే వ్యాయామాలని ఒక పాఠం ఉంటుంది, బొమ్మలతో సహా. మా రోజుల్లో పాఠమూ లేదు, బొమ్మా లేదు. బిడ్డను కన్నాక ఆడదానికి కారుతుంది, అంతే. వాన వస్తే చూరు కారదా అన్నట్టు మాట్లాడేవాళ్ళు. అది కారకుండా ఆపవచ్చని, అదీ కడుపుతో ఉన్నప్పుడే ఆ కండను గట్టి చేసుకుంటే మేలని నాకు మొదట చెప్పింది మా డాక్టరమ్మ.

నేను నెల్లూరు పిల్లని. వేలూరులో నర్సు చదువు చదివి, అక్కడే కొన్నాళ్ళు వార్డుల్లో చేసి, గుడియాత్తంలో ఒక చిన్న కాన్పుల ఆస్పత్రికి వచ్చిపడ్డాను. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్త. నాతో చదివిన తెలుగు పిల్లలు ఒక్కొక్కరే మూట కట్టుకుని అటు పోతున్నారు. మా నాన్న కూడా వచ్చేయమని మనిషి చేత కబురు పెట్టాడు. గుడియాత్తం బజారులో ఉన్న తెలుగు వ్యాపారులేమో అంగళ్ళ ముందు కూర్చుని, "మన చిత్తూరోళ్ళు అటు పోయినారు, మనం ఇట్లనే ఉండామే, మనం ఎవురమప్పా ఇప్పుడు?" అని తేలని లెక్కలు వేసుకునేవాళ్ళు. వాళ్ళ అంగళ్ళలో సరుకేమో రెండు రాష్ట్రాల నుంచీ వచ్చేది.

ఆస్పత్రిలో మేము ముగ్గురం. డాక్టరమ్మది తిరునెల్వేలి వైపు. పొట్టిగా, గట్టిగా, మిరియపు గింజలా ఉండేది. కోపం ముక్కు మీదే, నవ్వూ ముక్కు మీదే. రెండోది ఆయా, పేర్ణాంబట్టు నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవురాలు, వయసులో మా అమ్మంత. ఆమె మొగుడు తోళ్ళ షెడ్డులో పని. నోరు విప్పితే సగం తెలుగు, సగం అరవం. మూడోదాన్ని నేను.

ఒక మధ్యాహ్నం రోగులందరూ వెళ్ళాక డాక్టరమ్మ తలుపు మూసి, మూడు స్టూళ్ళు వేయించింది. "ఉచ్చ పోసేటప్పుడు మధ్యలో ఆపుతావు చూడు, అప్పుడు లోపల ఒక కండ బిగుసుకుంటుంది. అది ఏదో ఒకసారి తెలుసుకుంటే చాలు. ఇక ఉచ్చ పోసేటప్పుడు చెయ్యొద్దు, ఊరికే కూర్చున్నప్పుడు చెయ్యి. దాన్ని పైకి లాక్కో, కాసేపు పట్టుకో, వదులు. కడుపు బిగించొద్దు, పిర్రలు బిగించొద్దు, ఊపిరి అసలే బిగబట్టొద్దు," అంది. ఎవరికైనా నేర్పే ముందు మనకు రావాలట. ముగ్గురం స్టూళ్ళ మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాం. పైకి ఏమీ కనబడదు కదా! ఎవరు చేస్తున్నారో ఎవరు కూర్చుని కునుకుతున్నారో భగవంతుడికే తెలియాలి.

"నేను చేస్తాండా డాక్టరమ్మా. నా మొగం చూసి కనుక్కోండి," అంది ఆయా, కళ్ళు పెద్దవి చేసి.

"మొగంతో చెయ్యమనలేదు నిన్ను," అంది డాక్టరమ్మ. నేను పకపకా నవ్వాను. ఆమె నావైపు తిరిగి, "నవ్వావు కదా, నవ్వే ముందు లాక్కున్నావా? దగ్గు వచ్చే ముందు, తుమ్ము వచ్చే ముందు, నవ్వు వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు లాక్కోవాలి. అదే దీని కీలకం," అంది. ఆవిడ దగ్గర నవ్వు కూడా పాఠం అయిపోయేది. అట్లాంటి గురువు నాకు మళ్ళీ దొరకలేదు.

తెలుగు బజారు నీది అని నాకు అప్పగించింది. నేను ఉత్సాహంగా ఒక పెద్ద అట్ట మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో సూచనలన్నీ రాసి, బజారు ఆడవాళ్ళను పిలిచి, గోడకు తగిలించాను. వాళ్ళు శ్రద్ధగా చూశారు. ఎంత బాగా రాసినావమ్మా అని మెచ్చుకున్నారు. తీరా చూస్తే వాళ్ళలో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు! మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చుకున్నది అరవం. "జాంగిరీలు మాదిరి శానా బాగుండాయి సిస్టరమ్మా. తినేకి రాదు, చదివేకి రాదు," అంది ఆయా. ఆ అట్టను తిప్పి వేసి, పప్పు ఎండబెట్టుకోవడానికి ఆమే తీసుకుపోయింది.

దాంతో ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ఆ తిరగడంలోనే ఒక పచారి అంగడివాళ్ళ ఇల్లు తగిలింది.

ముందు అంగడి, వెనక ఇల్లు. ఆ ఇంటి పెద్దావిడ అంటే బజారంతటికీ భయభక్తులు. మడి అంటే ఆమెదే మడి. తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేసి, తడిచీర పిండీపిండకుండా ఒంటికి చుట్టుకుని, దాంతోనే వంట, దాంతోనే దేవుడి పని. మధ్యాహ్నం మళ్ళీ స్నానం, మళ్ళీ తడిచీర. మార్గశిరం చలిలో కూడా ఆమె చీర అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. "ఆయమ్మ మాదిరి మడి కట్టేవాళ్ళు ఈ జిల్లాలో లేరు" అని చెప్పుకునేవాళ్ళు. నేను పురుళ్ళు ముట్టుకునే నర్సుని, నా వెంట ఆయా. మమ్మల్ని ముందు గుమ్మం ఎక్కనిస్తుందా? సందులోంచి తిరిగి పెరటి పంచకు రమ్మంది.

ఆ పంచలోనే ఉంది కోడలు. మేల్పాడి పిల్ల. నాలుగేళ్ళ కూతురు ఉంది, ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. మొదటి కాన్పు కష్టమై, పటకార్లలాంటి కొరముట్లు వేసి బిడ్డను లాగారట. అప్పటి నుంచీ దగ్గితే, తుమ్మితే, బిందె ఎత్తితే కారుతుంది. మడి ఇంట్లో అది ఎంత మాట! వంటిల్లు దాటకూడదు, దేవుడి గది వైపు చూడకూడదు. పడక పంచలో, అన్నం పంచలో. కూతురు నాయనమ్మ పక్కన పడుకుంటుంది.

"దగ్గితే ఉచ్చ పడతాందా అక్కా?" అని అడిగాను, నాకంటే చిన్నదైనా.

ఆ పిల్ల కాలి వేలితో నేల గీకింది. "నవ్వినా పడతాది అక్కా. అందుకని నవ్వేది మానేసినా," అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఏడో నెలలో అన్న వచ్చి కాన్పుకు తీసుకుపోతాడు. ఈలోగా ఈ కారడం కట్టకపోతే, కాన్పు అయినాక ఇటు రావద్దని అత్త తేల్చి చెప్పింది. పాప మాత్రం ఇక్కడే ఉంటుంది. మొగుడు? "ఆయప్ప అంగట్లో ఉంటాడు," అంది. అంతకంటే ఆ మనిషి గురించి చెప్పడానికి ఏమీ లేనట్టుంది, నేనూ అడగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు వైపు చూస్తే వంటింటి రెక్క వెనక తడిచీర కుచ్చెళ్ళు కనబడ్డాయి. వింటోందన్నమాట. విననీ అని గొంతు పెంచి, డాక్టరమ్మ నేర్పినదంతా ఒక్కొక్కటే ఆ పిల్లకు నేర్పాను.

వారం తిరిగి వెళ్ళేసరికి తగ్గలేదు, ఎక్కువైంది. ఆ పైవారం ఇంకా ఎక్కువ. ఆ పిల్ల మొహం పీక్కుపోయింది. నాకు భయం పట్టుకుంది. దాచి తీసుకుపోతే ఏం లాభం, చెప్పే తీసుకుపోదామని అత్తగారిని అడిగితే, "మీ ఆస్పత్రి మైల, ఇది మైల, పోండి," అంది. తీసుకుపోయాం.

డాక్టరమ్మ చేయి పెట్టి పరీక్ష చేస్తూ, "ఇప్పుడు లాగు," అంది. పిల్ల బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని ముక్కింది. "అయ్యయ్యో! ఇది లాగడం లేదమ్మా, నెడుతోంది. కాన్పు నొప్పులకు ముక్కినట్టు ముక్కుతోంది. రోజూ ఇట్లా చేస్తే ఉన్న కట్ట కూడా తెగుతుంది," అని తల పట్టుకుంది. తరవాత నాలుక చూసింది, కింది రెప్ప లాగి చూసింది. "నీళ్ళు తాగుతున్నావా?"

"అత్త చిన్న చెంబుతో పొద్దున ఒకతూరి ఇస్తాదమ్మా. నీళ్ళు తాగితేనే గదా కారేదంటాది."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. ఉచ్చ చిక్కబడి లోపల మంట పుట్టి, ఆపుకోవడం ఇంకా కష్టమవుతుందని, జ్వరం వస్తే కడుపులో బిడ్డకే చేటని నాకు ఉపదేశం చేసి, "పో, ఆ ముసలమ్మతో నువ్వే మాట్లాడు. నేను వెళితే పోట్లాట అవుతుంది," అంది. ఆ పిల్లతో మాత్రం మెత్తగా, "కన్నా, ఊపిరి బిగబట్టకుండా ఉండాలంటే ఒకటే ఉపాయం. మాట్లాడుతూ చెయ్యి. నోట్లోంచి మాట వస్తుంటే ఊపిరి బిగుసుకోదు," అంది.

"ఎవురితో మాట్లాడేదమ్మా? ఆ ఇంట్లో నాతో ఎవురు మాట్లాడతారు?" అంది ఆ పిల్ల.

పెద్దావిడ దగ్గర నేను పంచ మెట్టు కింద నిలబడి, తలుపు రెక్కతో మాట్లాడినట్టు మాట్లాడాను. నీళ్ళు ఆపవద్దమ్మా అన్నాను.

"చెరువుకు గండి పడితే నీళ్ళు తగ్గిస్తారా, పెంచతారా?" అంది లోపలి నుంచి.

"గండి పూడుస్తారమ్మా. గండి పడిందని చెరువు ఎండగడితే చేపలు చావవా?" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నాకే ఆశ్చర్యం.

వెనక ఆయా, "అట్ల చెప్పు!" అని గొణిగింది. తలుపు వెనక నుంచి, "పూడుతాదా?" అని వినబడింది. గొంతు ఎప్పటిలా లేదు. కోడలి మీద జాలి కలిగిందేమో అనుకుని సంతోషించాను. "పూడుతుందమ్మా, సక్రమంగా చేస్తే," అన్నాను. మర్నాటి నుంచి పంచలో నీళ్ళకుండ పెట్టించింది.

మాట్లాడే మనిషి సంగతి ఆ పిల్లే తేల్చుకుంది. మధ్యాహ్నం నాయనమ్మ దేవుడి గదిలో ఉన్నప్పుడు పాప పంచలోకి వచ్చేది, కథ చెప్పమని. ఒకరోజు నేను వెళ్ళేసరికి కథ నడుస్తోంది.

"అనగనగా ఒక కోతి. ఆ కోతి మన బజార్లో అంగడి పెట్టినాది."

"ఊ."

"బెల్లం కొనేదానికి ఒక ఏనుగు వచ్చినాది."

"ఊ."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. కథ బాగానే ఉంది కానీ, ఒక్కో మాటా తూకం వేసి చెప్పినట్టు చెబుతోంది, పాప ఊ కొట్టేదాకా ఆగుతోంది, అప్పుడు భుజాలు వదులుతోంది. నన్ను చూసి సిగ్గుపడి, "మాట చెప్పేటప్పుడు లాక్కుంటా అక్కా. పాప ఊ అంటే వదిలేస్తా," అంది. "ఊ అనకపోతే?" అన్నాను. "అనేదాకా పట్టుకోనుంటా. కొన్నిసార్లు అది ఏనుగు కోసరం ఆలోచన చేస్తా ఊ కొట్టేది మర్చిపోతాది, అప్పుడు నా పని అయిపోతాది!" అంది.

అమ్మాయిలూ, నేను వేలూరులో పెద్ద పెద్ద వాళ్ళ దగ్గర చదువుకున్నాను. వాళ్ళందరికీ దండం పెడతాను. కానీ ఒక ఇంటి పంచలో, ఎవరూ పలకరించని ఒక పిల్ల, మా డాక్టరమ్మ చెప్పిన ఒక్క ముక్కను పట్టుకుని, బిడ్డ ఊ కొట్టడంతో ముడిపెట్టుకుంది చూశారా, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. పాఠం ఆవిడది, పట్టుదల ఈ పిల్లది, ఊ కొట్టడం ఆ నాలుగేళ్ళదానిది. డాక్టరమ్మకు చెబితే బల్ల చరిచి నవ్వి, ఆ పైవారం వచ్చిన ప్రతి గర్భిణీకీ, "ఇంట్లో ఊ కొట్టే బిడ్డ ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది.

కోతి అంగడి కథ రోజులతరబడి సాగింది. ఏనుగు అప్పు పెట్టింది, నక్క తూకంలో మోసం చేసింది, ఎలుక గోతం కొరికింది. కొన్ని వారాలకు ఒకనాడు ఆ పిల్ల నన్ను చూడగానే లేచి ఎదురొచ్చింది. "అక్కా, నిన్న నవ్వినా! ఏనుగుకు గౌను తొడిగినారా అని అడిగినాది పాప. పడీపడీ నవ్వినా. ఏం కాలేదక్కా!" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయా అయితే ఆ పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుని, "నా తల్లే, నా బంగారమే, బాగా నవ్వు," అంది. పూర్తిగా కట్టిందని నేను చెప్పను. బరువు ఎత్తితే ఒక్కోసారి ఇంకా పడేది. అయినా దగ్గు వచ్చే ముందు లాక్కోవడం ఆమెకు చెయ్యి తిరిగిన పని అయిపోయింది.

ఏడో నెల వచ్చింది. అన్న, వదిన మేల్పాడి నుంచి వచ్చారు. నన్నూ ఆయానూ కూడా రమ్మని పెద్దావిడే కబురుపెట్టింది. పిల్లకు నయమైందో లేదో నా నోటితో వింటుంది, విని తీర్పు చెబుతుంది. నేను రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను.

నట్టింట్లో బజారు అమ్మలక్కలు నలుగురైదుగురు చేరారు, పసుపు కుంకుమ ఇచ్చి సాగనంపడానికి. అన్న, ఆ పిల్ల మొగుడు ముందు అంగట్లో ఉన్నారు. నేనూ ఆయా పంచకూ నట్టింటికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాం. కోడలు మాకు ముందుగా, గుమ్మం అంచునే, పాప ఆమె కొంగు పట్టుకుని. ఆ రోజు చుట్టాలు వచ్చారని పెద్దావిడ తడిచీర విప్పి పట్టుమడి కట్టుకుంది. పొడి చీరలో ఆమెను చూడటం నాకు అదే మొదలు. కుంకుమ పళ్ళెం పట్టుకుని కోడలి ఎదురుగా వచ్చి నిలబడి, నా వైపు చూసి, "చెప్పు నర్సమ్మా," అంది.

నేను నోరు తెరిచానో లేదో, అంగట్లో దబ్బుమని చప్పుడైంది. గుంటూరు మిరపకాయల మూటలు దించుతున్నారట, ఒకటి పగిలింది. ఆ గాలికి ఎర్రటి ఘాటు నట్టింట్లోకి కమ్ముకొచ్చింది. ఇక చూడండి! అమ్మలక్కలందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని ఖళ్ళుఖళ్ళుమని దగ్గు. ఆయా దగ్గు, నేను దగ్గు, పాప దగ్గు. కోడలు నడుం నిటారుగా పెట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు దగ్గింది. మళ్ళీ ఆగి, మళ్ళీ దగ్గింది. లాక్కుంటోంది, నాకు తెలుస్తూనే ఉంది. పెద్దావిడ మాత్రం పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, ఒంగిపోయి, ఆపకుండా దగ్గింది.

ఘాటు తగ్గాక చూస్తే, నల్లటి కడపరాయి మీద, అత్తాకోడళ్ళ మధ్య నీళ్ళు. ఇద్దరి పాదాలకూ అంటి ఉన్నాయి.

"అయ్యో, మళ్ళీనా తల్లీ!" అంది వదిన. అమ్మలక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతా కోడలి వైపే చూశారు. నేనూ ఆ పిల్ల వైపే చూశాను.

కోడలు తన చీర వైపు చూసుకోలేదు. అత్త మొహం వైపు చూసింది. తరవాత తల దించుకుని, "నాదే. మళ్ళా పడింది," అంది. గుమ్మం పక్కనున్న పాతగుడ్డ తీసుకుని, ఏడు నెలల కడుపుతో కిందికి కూర్చుని, తుడవడం మొదలుపెట్టింది. కూర్చోగానే ఆమె చీర వెనక భాగం నాకు కనబడింది. ఎండిన గుడ్డలా ఉంది, ఎక్కడా చుక్క తడి లేదు. అప్పుడు పెద్దావిడ పట్టుచీర వైపు చూశాను. కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. ఆ పిల్ల ఆ ఒక్క మాటతో తన కూతుర్ని వదులుకుంటోంది.

పెద్దావిడ వంగి, కోడలి చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"లెయ్యి. అది నీది గాదు," అంది. తరవాత అందరికీ వినబడేలా, "నాది," అంది.

"అట్ల అంటావేంటికి అక్కా..." అని ఒకావిడ ఏదో సర్దబోయింది.

"నా మూడో కాన్పు కాణ్ణించి ఉండాది. తడిగుడ్డ కట్టుకోని తిరిగితే ఏ తడి యాడిదో ఎవురికి తెలుస్తాది? మీరు మడి అన్నారు, నేను ఊరకుండిపోయినా." ఆవిడ అక్కడితో ఆగలేదు. "ఇన్నేండ్లు దేవుడింట్లో దీపం పెట్టింది నేనే కదా. ఆ సామేం లేచి పోలేదే! నాకు చెల్లింది దీనికేంటికి చెల్లదు?"

బజారంతా భయపడే మనిషి, అంతమంది ఆడవాళ్ళ ముందు, తన పేరుప్రతిష్ఠ తన చేత్తోనే తీసి నేల మీద పెట్టింది. ధైర్యం అంటే యుద్ధాల కథలు చెబుతారు మీకు. నేను చూసిన ధైర్యం అది.

"పాపకు గౌను మార్చండి. అమ్మతో పోతాది," అంది వదినతో. "కాన్పు అయినాక ఇద్దరు బిడ్డల్ని ఎత్తుకోని ఇది నేరుగా నా వంటింట్లోకి రావాల. రాకపోతే నేనే మేల్పాడికి వస్తా, చెప్తుండా." అని కోడలి నుదుట కుంకుమ పెట్టింది. పెట్టిన చేయి అక్కడే కాసేపు ఉంచింది.

జట్కా ఎక్కే ముందు నేను ఆ పిల్ల చేయి పట్టుకుని, ఎందుకట్లా చెప్పావే, పాప పోతే ఏం చేసేదానివి అని అడిగాను.

"ఆయమ్మ మొగం చూసినా అక్కా. నా మొగం ఎట్లుంటాదో అట్లనే ఉండాది," అంది. "నాకు ఆపేది తెలుసు కదా. ఈ పొద్దు గాకపోతే ఇంగో పొద్దు ఆపి చూపించి, నా బిడ్డని అడుక్కుంటా. ఆయమ్మకు తెలీదే, ఏం చేస్తాది?"

పాప తల్లి ఒడిలో కూర్చుని, చక్రాలు కదిలిన దగ్గర నుంచీ కోతి కథ మొదలుపెట్టమని పేచీ పెడుతూ వెళ్ళింది. ఆ పిల్లకు మేల్పాడిలో రెండోది కూడా ఆడపిల్లే పుట్టింది. మూడో నెల రాగానే ముగ్గురూ తిరిగి వచ్చారు. నాన్నకు మాత్రం నేను ఇక్కడే ఉంటానని చెప్పి పంపేశాను. ఆ బజారును వదిలి ఏ రాష్ట్రానికీ పోబుద్ధి కాలేదు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఆ రోజు సాయంత్రం సంగతి. జట్కా వెళ్ళాక అమ్మలక్కలు మెల్లగా జారుకున్నారు. ఆయా సందులో నా కోసం నిలబడి ఉంది. పెద్దావిడ వంటింటి పీట తెచ్చి పంచలో వేసుకుని, నా ఎదురుగా కూర్చుంది. ఆవిడే మొదలుపెట్టింది.

"మా అమ్మకూ ఇట్లనే ఉండినాది నర్సమ్మా. ఆయమ్మని ఎవురూ అడగలేదు. నన్నూ ఎవురూ అడగలేదు. నువ్వు మొదటితూరి వచ్చిన పొద్దు దాన్ని అడిగినావు చూడు, దగ్గితే పడతాందా అని? ఆ పొద్దు తలుపు వెనకాల నిలబడి ఏడ్చినా, నన్నే అడిగినట్టు." కొంగుతో ముక్కు తుడుచుకుని, నడుం సరిచేసుకుని కూర్చుంది. "సరి, ఇప్పుడు చెప్పు. ఎట్ల లాక్కోవాల?"